ఆగిన ఇల్లు, ఆరని గోడ

నెల్లూరు జిల్లా తీర మండలాల్లో ఈమధ్య కట్టిన ఇళ్లలో చాలాచోట్ల ఒకే రకం మచ్చ కనిపిస్తుంది. రంగులు వేసి ఏడాది తిరక్కముందే హాలు గోడకు మోకాలెత్తున రంగు పొక్కుతుంది. గోరుతో గీస్తే పొర లేచి వస్తుంది, దాని వెనక తెల్లటి పొడి ఉంటుంది. పైన స్లాబు కారడం లేదు. ఆ గోడలో నీళ్ల పైపు లేదు. వాన జల్లు కొట్టే వైపు కూడా కాదు. మరి ఆ చెమ్మ ఎక్కడిది? ఇంటివాళ్లు రంగు నాసిరకమంటారు, పెయింటరు ఇసుకను తప్పుపడతాడు, తాపీ మేస్త్రీ ఇటుకను అంటాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉండొచ్చు. అయితే మంచి సరుకు వాడిన ఇళ్లలోనూ ఇదే జరుగుతున్నప్పుడు సరుకును దాటి చూడాలి. ఏ పని తర్వాత ఏ పని చేశారు, రెండింటి మధ్య ఎన్నాళ్లు ఆగారు అన్నది అడగాలి.

సగంలో ఆగిన ఇళ్ల విషయంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. 2020 డిసెంబరులో మొదలైన పేదలందరికీ ఇళ్లు పథకంలో ఎన్నో ఇళ్లు బేస్‌మెంటు దగ్గరో, రూఫ్ లెవెల్ దగ్గరో ఆగిపోయాయి. వాటిని పూర్తి చేసుకోవడానికి ఎస్సీ, బీసీ లబ్ధిదారులకు అదనంగా 50 వేలు, ఎస్టీలకు 75 వేల రూపాయలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2025 మార్చిలో ప్రకటించింది. సముద్రం పక్క ఊళ్లలో ఉండే యానాదులకు, మత్స్యకారులకు ఇది చిన్న మొత్తం కాదు. సొంత డబ్బుతో మొదలుపెట్టి, రొయ్యల గుంట దెబ్బతిన్న ఏడాదో, ఇంట్లో పెళ్లి వచ్చిన ఏడాదో స్లాబు దగ్గర ఆపేసిన వాళ్లూ తక్కువేమీ లేరు. డబ్బు చేతికి రాగానే పని ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టడం అందరికీ సహజంగా తోస్తుంది. తీరంలో అది సరైన మొదలు కాదని, ఇంట్లోకి నీరు వచ్చే దారి, బయటికి పోయే దారి చూసి పనుల వరుస నిర్ణయించుకోవాలని ఈ వ్యాసం వాదన.

గోడ తాగిన నీళ్లు

యాభై కిలోల సిమెంటు బస్తాకు పాతిక లీటర్ల నీళ్లు కలిపారనుకుందాం. సిమెంటు గట్టిపడటమంటే ఎండిపోవడం కాదు, నీటితో రసాయనికంగా కలవడం. అలా సిమెంటులో శాశ్వతంగా భాగమైపోయే నీరు దాని బరువులో సుమారు నాలుగో వంతు, అంటే బస్తాకు పన్నెండు లీటర్ల దరిదాపు. మిగతా సగం లోపలి సన్నని రంధ్రాల్లో నిలిచి, తర్వాత నెమ్మదిగా ఆవిరై పోవాలి. పనివాళ్లకు మాలు పలచగా ఉంటే పూత తేలిగ్గా సాగుతుంది కాబట్టి చాలాచోట్ల అంతకంటే ఎక్కువ నీళ్లే పోస్తారు. ఇటుకలను తొట్టిలో నానబెట్టి కడతారు. పూత పూశాక కనీసం వారం రోజులు తడుపుతారు. ఇవేవీ తప్పులు కావు, తడపకపోతే సిమెంటుకు బలం రాదు. కానీ ఒక చిన్న ఇంటి గోడలు, పూతలు పూర్తయ్యేసరికి వాటిలో కొన్ని వేల లీటర్ల నీరు చేరుతుంది. ఆ నీరు పోవడానికి ఉన్న దారి ఒక్కటే, గోడ పైముఖం.

ఆ ముఖాన్ని ఎప్పుడు మూస్తామన్నదే అసలు విషయం. లప్పం, ప్రైమరు, రెండు కోట్ల ప్లాస్టిక్ ఎమల్షన్ పడ్డాక గోడ ఆవిరిని వదిలే వేగం బాగా తగ్గిపోతుంది. చేతికి పొడిగా తగిలే గోడ లోపల పొడిగా ఉందని అర్థం కాదు. ముందు పైపొర ఆరుతుంది, లోపలి నీరు ఆ పొరగుండా ఒక్కో రంధ్రం దాటుకుంటూ రావాలి. అందుకే మందం రెట్టింపైతే ఆరే కాలం రెట్టింపు కంటే చాలా ఎక్కువవుతుంది. పైగా కొత్త సిమెంటు పూత తీవ్రమైన క్షారం. ఆయిల్ పెయింటులోని నూనెను ఆ క్షారం, తడి కలిసి సబ్బుగా మార్చేస్తాయి. పూత తర్వాత రంగుకు నాలుగు వారాలైనా ఆగమని చెప్పడానికి ఈ రెండూ కారణాలే. గాలిలో తేమ ఎక్కువగా ఉండే తీరంలో నాలుగు వారాలు కనీసం మాత్రమే.

ఉప్పు వల్ల మారే లెక్క

ఇంతవరకు చెప్పింది కర్నూలుకైనా వరంగల్‌కైనా వర్తిస్తుంది. మైపాడు, కోడూరు, జువ్వలదిన్నె వైపు వచ్చేసరికి ఉప్పు తోడవుతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం అందరూ చూసిందే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటిందంటే ఉప్పు ఆ గాలి నుంచే నీటిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. తీరంలో ఏడాదిలో చాలా రాత్రులు ఆ హద్దు దాటుతూనే ఉంటాయి. అంటే గోడలో ఉప్పు ఉన్నట్లయితే ఎక్కడా ఏ లీకూ లేకపోయినా రాత్రి పూట గోడ గాలి నుంచే చెమ్మ పీలుస్తుంది. పగలు ఎండకు ఆ నీరు ఆవిరై, ఉప్పు స్ఫటికంగా మారుతుంది. స్ఫటికం పెరిగేటప్పుడు ఉన్న రంధ్రం చాలక దాని అంచులను నెడుతుంది. రాత్రి మళ్లీ కరగడం, పగలు మళ్లీ పెరగడం. రంగు పొక్కడానికీ, పూత పెచ్చులూడటానికీ ఈ రోజువారీ నెట్టుడే కారణం.

మోకాలెత్తునే ఎందుకు అన్నదానికీ ఇక్కడే జవాబు ఉంది. ఇటుకలోనూ మాలులోనూ ఉన్న సన్నని రంధ్రాలు కింది నేల తడిని పైకి లాగుతాయి. ఎక్కేకొద్దీ గోడ ముఖం నుంచి కొంత కొంత ఆవిరవుతూ ఉంటుంది. ఎక్కే నీరు, ఆవిరయ్యే నీరు సమానమయ్యే ఎత్తులో నీరు ఆగిపోతుంది, తెచ్చిన ఉప్పును అక్కడే వదిలేస్తుంది. ఆ ఎత్తు చాలా ఇళ్లలో ఒకటి రెండు అడుగుల మధ్య ఉంటుంది. నీరు రాకుండా పోదు, ఉప్పు పేరుకోవడమూ ఆగదు.

ఈ ఉప్పు ఇంట్లోకి వచ్చే దారులు మూడు నాలుగు ఉన్నాయి. సముద్రపు గాలి ఒకటి. బేస్‌మెంటు నింపడానికి తోలిన వాగు ఇసుక, ఉప్పు కయ్యల మట్టి మరొకటి. అన్నిటికంటే పెద్ద దారి కలిపే నీళ్లు, తడిపే నీళ్లు. ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండకూడదని ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. సముద్రపు నీటిలో అది లీటరుకు దాదాపు 19 వేల మిల్లీగ్రాములు. అంటే క్లోరైడు ఏమాత్రం లేని నీటిలో సైతం ముప్పై ఎనిమిదింట ఒక వంతు సముద్రపు నీరు కలిస్తే చాలు, హద్దుకు చేరిపోతాం. తీరపు బోర్లలోకి సముద్రం చొచ్చుకురావడానికి, రొయ్యల గుంటల ఉప్పునీరు భూమిలోకి ఇంకడానికి అంత కలయిక పెద్ద విషయం కాదు. నాలుకకు కాస్త ఉప్పగా తగిలే నీళ్లను పనికి వాడకపోవడం మేలు. తగలకపోయినా ఒక సీసాడు నీళ్లు పరీక్షకు పంపడం, మొత్తం ఇంటి ఖర్చు ముందు లెక్కలోకి రాని పని.

> తుప్పు గోడను ఎందుకు పగలగొడుతుంది?
>
> మంచి కాంక్రీటు లోపల పీహెచ్ 12 దాటి ఉంటుంది. అంతటి క్షారంలో ఇనుప చువ్వ చుట్టూ కంటికి కనిపించని సన్నని పొర ఏర్పడి తుప్పును అడ్డుకుంటుంది. క్లోరైడు చేరితే ఆ పొర అక్కడక్కడ తూట్లు పడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి ఇంకితే క్షారమే తగ్గిపోతుంది. రెండింట్లో ఏది జరిగినా తుప్పు మొదలవుతుంది. తుప్పు ఆక్రమించే చోటు అది తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ. లోపలి నుంచి వచ్చే ఆ ఒత్తిడికి చువ్వ వెంబడి పగులు తీస్తుంది. పగులులోంచి ఇంకా ఉప్పు, నీరు, గాలి వెళతాయి. అందుకే తీర వాతావరణానికి నేరుగా గురయ్యే కాంక్రీటుకు ఐఎస్ 456 ప్రకారం కనీసం ఎం30 గ్రేడు, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరింగు ఉండాలి.

పని మొదలెట్టే ముందు పని

రెండు మూడేళ్లు ఆగిన ఇంటికి మళ్లీ మేస్త్రీని పిలిచినప్పుడు మొదటి రోజు ఇటుక పట్టుకోకూడదు. చూడటమే ఆ రోజు పని. రేపటి అంతస్తు కోసం స్లాబు మీద వదిలిన స్తంభాల చువ్వలు ఉప్పుగాలికి నిలబడి ఉంటాయి. వాటి మీద పలచని ఎర్రటి తుప్పు ఒక రకం, అది తీగ బ్రష్షుతో పోతుంది. రేకులు రేకులుగా లేచి, కింద గుంటలు పడ్డ తుప్పు మరో రకం. గుంటల్లో ఉప్పు దాగి ఉంటుంది, బ్రష్షు అక్కడికి చేరదు. దాన్ని మంచినీటితో కడగాలి, చువ్వ ఎంత సన్నబడిందో కొలవాలి, బాగా తిన్నదైతే ఇంజినీరు చూడకుండా దాని మీద అంగుళం కాంక్రీటు కూడా పోయకూడదు. పైఅంతస్తు ఇప్పట్లో లేకపోతే శుభ్రం చేసిన చువ్వలకు సిమెంటు పాలు పట్టించి, పలచని కాంక్రీటుతో కప్పేయడం తీరంలో తప్పనిసరి. చువ్వ మొదట్లో, అది స్లాబులోకి దిగే చోట, నీరు నిలవకుండా చూడటం అంతకంటే ముఖ్యం. తుప్పు అక్కడి నుంచే కిందికి పాకుతుంది.

పైకప్పు లేని గోడల తలలు తెరిచి ఉంటే ప్రతి వానకూ నీరు నిలువునా గోడలోకి దిగింది. వాటిని ముందు మూయాలి. సందుల్లో మొలిచిన రావి మొక్కను పైకి పీకితే వేరు లోపలే మిగిలి మళ్లీ చిగురిస్తుంది, ఆ మాలు తవ్వి వేరుతో సహా తీయాల్సిందే. మూలన మిగిలిన సిమెంటు బస్తాలు మూడు నెలలు దాటినవైతే పరీక్షించకుండా వాడొద్దు. ఉప్పునేల మీద పేర్చిపెట్టిన ఇటుకల్లో అడుగు వరసలను పక్కన పెట్టాలి.

ఆగడం వల్ల మేలు కూడా కొంత జరుగుతుంది, దాన్ని వదులుకోకూడదు. కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, ఆ కుంచింపులో ఎక్కువ భాగం ఈపాటికి జరిగిపోయి ఉంటుంది. కాబట్టి ఇప్పుడు పూసే పూతకు పగుళ్లు తక్కువ. బేస్‌మెంటులో పోసిన ఇసుక రెండు వానాకాలాలు తడిసి దిగింది, దాని మీద పరిచే టైలు కింద ఖాళీ ఏర్పడే భయమూ తగ్గింది. ఎక్కడెక్కడ తడి దిగుతోందో గోడల మీది నాచు చారలే చూపిస్తాయి. కొత్త ఇంట్లో ఊహించాల్సిన లోపాలు ఆగిన ఇంట్లో రాసిపెట్టి ఉంటాయి. పూత వాటిని కప్పేయకముందే చదువుకోవాలి.

పై నుంచి కిందికి

నీరు పై నుంచి వస్తుంది కాబట్టి మొదట మూయాల్సింది పైభాగం. స్లాబు మీద వాటం, పిట్టగోడ మొదలు, వాన గొట్టాల నోళ్లు, సన్‌షేడ్ల పైముఖాలు. నీరు దిగకుండా పూత వేశాక మడి కట్టి రెండు రోజులు నీళ్లు నిలిపి, కింద నిలబడి చూడాలి. ఇక్కడే చాలామంది ఒక తప్పు వరుసలో పడుతున్నారు. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక డాబాల మీద సౌర ఫలకాలు పెరిగాయి. వాటి కాళ్లకు స్లాబులో బోల్టులు దించుతారు. నీటి పూత అయ్యాక ఆ బోల్టులు దిగితే, ప్రతి బోల్టూ స్లాబులోకి ఒక దారి. ఫలకాలు రెండేళ్ల తర్వాత కొన్నా సరే, వాటి కాళ్లు నిలిచే దిమ్మెలు ఇప్పుడే కట్టి, పూతను వాటి మీదికి ఎక్కించాలి. నీళ్ల ట్యాంకు దిమ్మెలకూ ఇదే మాట.

తర్వాత ఇంట్లో ఒక గీత గీయాలి. ఈ గీత కంటే విలువైన పని ఇంటి లోపల మరొకటి లేదనిపిస్తుంది. నీళ్లు నింపిన సన్నని ప్లాస్టిక్ గొట్టంతో ఇద్దరు ఈ పని చేస్తారు. గొట్టంలో గాలిబుడగ లేకుండా ముందే చూసుకోవాలి, ఒక్క బుడగ ఉన్నా మట్టం తప్పు చూపుతుంది. ఒకరు గొట్టం కొసను హాలు స్తంభం మీది గుర్తు దగ్గర పట్టుకుంటారు, రెండో మనిషి రెండో కొసతో పడగ్గదిలోకి వెళతాడు. గొట్టంలో నీరు ఊగడం ఆగేదాకా ఇద్దరూ కదలరు. రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తున నిలుస్తుంది కాబట్టి, గోడ అడ్డమున్నా ఆ ఎత్తు గదిలోకి వచ్చేస్తుంది. అక్కడ పెన్సిలు గుర్తు. ఇలా గది గదికీ గుర్తులు పెట్టి, రంగుపొడి అద్దిన దారం బిగించి లాగి వదిలితే ఇల్లంతా చుట్టివచ్చే గీత పడుతుంది, పూర్తయిన గచ్చుకు సరిగ్గా మీటరు ఎత్తున. ఇకపై స్విచ్చు బోర్డు, కుళాయి, వంటగట్టు, ద్వారబంధం, టైలు, ఎవరి కొలతైనా ఈ గీత నుంచే.

గీత గీయాలంటే పూర్తయిన గచ్చు ఎంత ఎత్తున ఉంటుందో ముందే తెలియాలి. గ్రానైటు పలక 18, 20 మిల్లీమీటర్ల మందం, మామూలు టైలు అందులో సగం, కడప బండ ఇంకా ఎక్కువ. కింద మాలు మందమూ మారుతుంది. ఏది పరచాలో తేల్చకుండా గీత గీస్తే, తర్వాత తలుపు అడుగు కోయాల్సి వస్తుంది, లేదా బాత్రూము నీరు పడగ్గదిలోకి వస్తుంది. అంటే నిర్ణయాల వరుస పనుల వరుసకు తలకిందులుగా నడవాలి. చివర పరిచే టైలును, చివర బిగించే గీజరును, ఏసీ నీరు పోయే గొట్టాన్ని అన్నిటికంటే ముందు తేల్చుకోవాలి. కొనడం తర్వాతైనా ఫరవాలేదు.

గీత పడ్డాక ఎలక్ట్రీషియన్, ప్లంబరు గోడల్లో గాడులు కొడతారు. నాలుగున్నర అంగుళాల గోడలో అడ్డంగా పొడవాటి గాడి కొడితే గోడ అక్కడ సగమవుతుంది, నిలువు గాడులే మేలు. పైపులు వేశాక నీటి ఒత్తిడి పెట్టి ఒక రాత్రి నిలిపి చూడాలి. స్లాబులో మూసుకుపోయిన కరెంటు గొట్టాలను తీగ దూర్చి పరీక్షించాలి. కొలత టేపు పక్కన పెట్టి ప్రతి గోడనూ ఫోనులో ఫొటో తీసుకోవాలి, పూత పడ్డాక ఆ పైపు ఎక్కడుందో చెప్పే సాక్ష్యం అదొక్కటే. ఇటుక, కాంక్రీటు కలిసే చోట కోళ్ల జాలీ కొట్టాకే పూత. రెండూ వేడికి, తడికి ఒకేలా స్పందించవు, జాలీ లేకపోతే సరిగ్గా ఆ కలయిక గీత వెంబడే పగులు వస్తుంది. ముందు పైకప్పు లోపలి ముఖం, తర్వాత గోడలు, వంటింటి కడప బండ అరలు పూతతోపాటే.

బయటి పూత కూడా పై నుంచి కిందికే. తీరంలో ఒక చిన్న జాగ్రత్త పెద్ద తేడా చేస్తుంది. బయటి పూతను నేలలోకి దించకూడదు. బేస్‌మెంటు అంచు దగ్గర పూతను తెంచేయాలి. అలా తెంచకపోతే నేల తడి కాంక్రీటు బీమును తప్పించుకుని పూత గుండా గోడలోకి ఎక్కుతుంది.

ఎదురుచూపులను ముందు పేర్చాలి

ఏ పని దేని కోసం ఆగాలో గీసి, వాటిలో అతి పొడవైన గొలుసును పట్టుకోవడం ఒక శాస్త్రంగా రూపుదిద్దుకున్నది 1957లో. అమెరికాలో డ్యూపాంట్ సంస్థకు చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ ర్యాండ్‌కు చెందిన జేమ్స్ కెల్లీ రసాయన కర్మాగారాల పనుల కోసం దాన్ని తయారుచేశారు. వాళ్లు చూపిన కీలకం ఇది. మొత్తం పని ఎన్నాళ్లకు ముగుస్తుందో అన్ని పనుల మొత్తం నిర్ణయించదు, ఒకదానికొకటి తప్పక ముడిపడిన ఆ ఒక్క గొలుసు నిర్ణయిస్తుంది. మిగతా పనులు కాస్త ముందుకూ వెనక్కూ జరిగినా ముగింపు తేదీ కదలదు.

ఇంటి పనిలో ఆ గొలుసును లెక్కగడితే మనుషుల చేతి పని తక్కువ, ఆగాల్సిన కాలం ఎక్కువ. పడగ్గది గోడ పూయడానికి ఇద్దరికి రెండు రోజులు. తడపడానికి వారం. ఆరడానికి మరో మూడు నాలుగు వారాలు. బాత్రూము దీనికి పూర్తిగా భిన్నం. ప్లంబరు, తాపీ, నీటిపూత వేసేవాళ్లు, టైల్స్ మేస్త్రీ, ఎలక్ట్రీషియన్, వడ్రంగి, అందరూ ఒకరి తర్వాత ఒకరు ఆ నలభై చదరపు అడుగుల్లోకే రావాలి. కాబట్టి ఆగాల్సిన కాలం ఎక్కువున్న పనిని ముందు పెట్టి, చేతులు ఎక్కువ కావాల్సిన పనిని ఆ ఖాళీలో ఇమడ్చాలి. హాలు, పడగ్గదుల గోడలు మొదట పూయించేసి, అవి ఆరుతున్న వారాల్లో బాత్రూము పైపులు, ఒత్తిడి పరీక్ష, నీటిపూత, రెండు రోజులు నీళ్లు నిలిపి చూడటం, దాని మీద రక్షణ గచ్చు, టైలు. తర్వాత గదుల ఫ్లోరింగు. చాలాచోట్ల బాత్రూమును చివరకు వదిలేసి, అప్పటికే రంగులేసిన పడగ్గదిలోంచి తడి మాలు మోస్తున్నారు.

మేస్త్రీ దొరికినప్పుడే అన్నీ చేయించుకోవాలి, మళ్లీ పిలిస్తే వస్తాడా అన్న భయం న్యాయమైనదే. కొడవలూరు నుంచి ముత్తుకూరు దాకా తాపీ పనివాళ్లకు ఎప్పుడూ గిరాకీయే. ఆ భయానికి మందు తొందర కాదు, ముందుగా కుదుర్చుకున్న ఒప్పందం. రెండు విడతలుగా వస్తాడని, రెండో విడతకు కొంత డబ్బు నిలిపి ఉంచుతామని మొదటి రోజే మాట్లాడుకుంటే మేస్త్రీ కూడా ఆ మధ్యకాలంలో మరో పని చూసుకుంటాడు. ఒక్క విడతలో అన్నీ చేయించి, ఏడాది తిరక్కుండా మళ్లీ లప్పం గీకించి రంగులేయిస్తే, అదే మనిషిని రెండోసారి పిలిచినట్టే, పైగా సరుకు ఖర్చు అదనం.

> పాలిథీన్ పరీక్ష
>
> అడుగున్నర చదరం పలుచని, పారదర్శకమైన పాలిథీన్ షీటు తీసుకుని గోడకు పరిచి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపు అంటించాలి. ఒక పగలు, ఒక రాత్రి వదిలేయాలి. షీటు లోపలి వైపు నీటి బొట్లు కనిపించినా, దాని కింద గోడ ముదురు రంగుకు మారినా లోపల ఇంకా తడి ఉంది. లప్పం పెట్టకూడదు. కిటికీ పక్కన కాకుండా గాలి తగలని మూలన, గోడ అడుగు భాగంలో ఈ పరీక్ష చేయాలి. అన్నిటికంటే ఆలస్యంగా ఆరేది అక్కడే.

వానలు, ముహూర్తాలు

నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. రాష్ట్రంలో చాలా జిల్లాలు నైరుతి మీద ఆధారపడితే, ఇక్కడ ఈశాన్యమే అసలు వానాకాలం. 1984లో శ్రీహరికోట దగ్గర, 1989లో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపాన్లు రెండూ నవంబరువే. 2021లో పెన్నా వరద నవంబరులో వచ్చింది, 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు మొదట్లో. కాబట్టి పైకప్పు, గోడల తలలు, బయటి పూత సెప్టెంబరు చివరికల్లా ముగియాలి. వానల మూడు నెలలు లోపలి పనులకు, గాడులు, పైపులు, లోపలి పూత, బాత్రూములకు అనువైనవి. తేమ గాలిలో పూత నిదానంగా ఆరుతుంది, పగుళ్లు తక్కువ. జనవరి నుంచి గోడలు ఆరడం మొదలుపెడితే ఫిబ్రవరి, మార్చికి రంగుకు సిద్ధమవుతాయి. మే నెల వడగాలిలో బయటి పూత పెడితే ఉదయం పూసింది సాయంత్రానికే నీరు కోల్పోయి వెంట్రుక పగుళ్లు తీస్తుంది.

గృహప్రవేశ ముహూర్తం కార్తీకంలోనో శ్రావణంలోనో కుదిరితే ఏం చేయాలన్నది నిజమైన ఇబ్బంది. మాఘ, ఫాల్గుణాల్లో కుదిరితే కాలం తనంతట తనే కలిసివస్తుంది. కుదరకపోతే ముహూర్తాన్ని మార్చాల్సిన పని లేదు, రంగును వెనక్కి జరిపితే చాలు. పాలు పొంగించడానికి గోడకు ఎమల్షన్ అక్కర్లేదు. తెల్లసున్నం కొట్టిన గోడలతో ప్రవేశం చేసి, గుమ్మానికి పసుపు, తోరణం కట్టుకుని, గోడలు ఆరాక సున్నం గీకించి రంగులేయించుకోవచ్చు. సున్నం పొర ఆవిరిని ఆపదు. బంధువుల కళ్లకు ఇల్లు ఆ రోజు కాస్త తెల్లగా, సాదాగా కనిపిస్తుంది, అంతే.

పాత ఇళ్లు ఇవేవీ పాటించకుండానే వందేళ్లు నిలిచాయి కదా అంటారు. నిజమే, నిలిచాయి. ఆ ఇళ్లలో మాలు సున్నం, పూత సున్నం, పైన వేసిందీ సున్నమే. తడి ఎంత లోపలికి వెళ్లేదో అంత తేలిగ్గా బయటికి వచ్చేది, ఏటా సంక్రాంతికి వేసే కొత్త సున్నం ఊడిన పొరను మళ్లీ కప్పేది. గోడలో తుప్పు పట్టడానికి చువ్వలు లేవు. ఇప్పటి ఇల్లు సిమెంటు, ఇనుము, ప్లాస్టిక్ రంగుల ఇల్లు. దానికి పాత ఇంటి ఓర్పు లేదు.

తడిని ఆపే ప్రైమర్లు బజారులో దొరుకుతున్నాయి, అవి పూసేస్తే ఆగనక్కర్లేదన్న మాట కూడా వినిపిస్తుంది. బయటి నుంచి జల్లు కొట్టే గోడకు అవి పనికొస్తాయి. లోపలే చిక్కుకున్న నీటికి, నేల నుంచి ఎక్కే ఉప్పుకు పూస్తే మాత్రం తడి ఆ పూత వెనకాలే ఇంకా పైకి పాకి, దాన్ని దాటిన చోట బయటపడుతుంది. మోకాలెత్తు మచ్చ నడుమెత్తుకు చేరుతుంది.

డబ్బు అయిపోతే ఎక్కడ ఆపాలి

అన్నిటికంటే బరువైన అభ్యంతరం డబ్బు గురించి. వరుస తెలిసినా డబ్బు ఆ వరుసలో రాదు. వరికోతలు ముగిశాక కొంత, బ్యాంకు నుంచి కొంత, ప్రభుత్వ పథకమైతే బేస్‌మెంటు, రూఫ్ లెవెల్, స్లాబు, పూర్తి అన్న దశల వారీగా. ఆ దశలన్నీ బయటి నుంచి కంటికి కనిపించేవి. పైపు ఒత్తిడి పరీక్షకు, చువ్వల శుభ్రతకు, నీటిపూతకు బిల్లు దశ లేదు. అందుకే కనిపించే పని ముందుకు, దాగే పని వెనక్కు వెళుతోంది. గృహనిర్మాణ శాఖ ఇంజినీర్లు దశ ఫొటోతోపాటు స్లాబు మీద నీళ్లు నిలిపిన ఫొటో కూడా అడిగితే తీర గ్రామాల్లో ఎన్నో ఇళ్లకు ఆయుష్షు పెరుగుతుంది. అది వచ్చేదాకా ఇంటివాళ్లే తమ దశలను తాము గీసుకోవాలి.

డబ్బు మళ్లీ మధ్యలో అయిపోవచ్చని ముందే అనుకుని, ఆపడానికి పనికొచ్చే చోట్లు, పనికిరాని చోట్లు గుర్తుపెట్టుకోవడం మంచిది. స్లాబు మూసి, చువ్వలు కప్పి, గోడల తలలు కట్టేశాక ఆపితే నష్టం లేదు. లోపలి పూత పూర్తయి, లప్పం మొదలుకాకముందు ఆపడం ఇంకా మంచిది, ఎన్ని నెలలు ఆగితే గోడ అంత ఆరుతుంది. ఆపకూడని చోట్లు కూడా స్పష్టమే. గాడులు కొట్టి పూయకుండా వదిలేస్తే గోడ బలహీనంగా, తెరిచి ఉంటుంది. బాత్రూములో నీటిపూత వేసి దాని మీద రక్షణ గచ్చు వేయకపోతే పనివాళ్ల కాళ్ల కిందే అది చిరుగుతుంది. టేకు ద్వారబంధం గోడ వైపు ముఖాలకు ప్రైమరు లేకుండా నిలబెట్టి వెళ్లిపోతే రెండు వానలకు వంకర తిరుగుతుంది. లప్పం పెట్టి రంగు లేకుండా వదిలిన గోడ తీరపు గాలిలో తేమ పీల్చి పొడిరాలుతుంది. చేతిలో 75 వేలే ఉండి, ఇల్లు రూఫ్ లెవెల్ దగ్గర ఉంటే, ఆ డబ్బు స్లాబుకు, దాని మీది నీటిపూతకు, వాన గొట్టాలకు వెళ్లాలి. మిగిలితే లోపలి పూత. రంగుల కోసం అందులో ఒక్క రూపాయి కూడా ఈ ఏడాది పక్కన పెట్టనక్కర్లేదు.